ఊపిరి బిగబట్టినప్పుడు కలిగే ఇబ్బందులు: కారణం, పరిష్కారం

ఇదంతా నేల మీద, చాప వేసుకుని పడుకుని చేసే, ఊపిరి బిగబట్టే సాధన గురించే. గుండె జబ్బు, మూర్ఛ, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు.

సమస్య: అర నిమిషానికే గొంతు పట్టేసినట్టు ఉంటుంది, మాటిమాటికీ గుటక వేయాలనిపిస్తుంది.

కారణం: ఆక్సిజన్ అయిపోయిందనుకుని చాలామంది కంగారు పడతారు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అప్పటికి ఆక్సిజన్ దాదాపు మామూలుగానే ఉంటుంది. పేరుకుంటున్నది కార్బన్ డయాక్సైడ్. దానివల్ల రక్తంలో ఆమ్లగుణం కొద్దిగా పెరగగానే మెదడు అడుగుభాగం పసిగట్టి ‘ఊపిరి తీసుకో’ అని తొందరపెడుతుంది.

పరిష్కారం: దవడ, మెడ, భుజాలు వదులు చేయండి. గుటక వేసినా నష్టం లేదు. ఛాతీ పగిలేంత గాలి నింపకండి, ఆ బిగువుకే టెన్షన్ పెరుగుతుంది.

సమస్య: పొట్ట దానంతటదే ఎగిరెగిరి పడుతోంది.

కారణం: గొంతు మూసి ఉన్నా డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే శ్వాస కండరం) గాలి లాగబోతుంది. ఎక్కిళ్లలాగే ఇది మన చేతిలో ఉండదు. కొందరికి త్వరగా, కొందరికి చాలా ఆలస్యంగా వస్తుంది. పక్కవాళ్లతో పోల్చుకోకండి.

పరిష్కారం: కండరాలు బిగించి ఆపబోతే ఇంకా గట్టిగా కుదుపుతుంది. కొత్తవాళ్లు మొదటి కుదుపుకే ఊపిరి తీసుకోండి. నిమిషం ఆపగలిగినవాళ్లు ప్రతిసారీ 30 సెకన్లే ఆపుతూ, ఒకసారికీ మరోసారికీ మధ్య విరామాన్ని వరుసగా 90, 75, 60, 45 సెకన్లకు తగ్గిస్తూ రండి. కొన్ని వారాలకు ఆ తొందర ఉన్నా భయం తగ్గుతుంది.

సమస్య: మొదలుపెట్టకముందే పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి.

వేగంగా, లోతుగా గాలి పీల్చి వదిలారు. ఆ పూటకు ఆపేసి మామూలుగా శ్వాసించండి.

సమస్య: ఊపిరి తీసుకోవాలనే అనిపించడం లేదు, టైమ్ మాత్రం బాగా పెరిగింది.

దీన్ని చూసి సంతోషపడేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది. ప్రమాదమంతా ఇక్కడే ఉంది.

కారణం: ముందు గబగబా శ్వాసిస్తే కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, ఆక్సిజన్ మాత్రం పెద్దగా పెరగదు. రక్తం అప్పటికే 97, 98 శాతం నిండి ఉంటుంది కదా. కాబట్టి హెచ్చరిక రాకముందే ఆక్సిజన్ తరిగిపోయి స్పృహ తప్పుతుంది. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా స్విమ్మింగ్ పూల్‌లో ఇలాగే చప్పుడు లేకుండా మునిగిపోతారు.

పరిష్కారం: ఊపిరి ఆపే ముందు రెండు నిమిషాలు మామూలు శ్వాసే తీసుకోండి. నీళ్లలో అయితే శిక్షణ ఉన్న తోడు లేకుండా ఒక్కసారి కూడా వద్దు. ఆ తోడు ఒడ్డున ఫోన్ చూస్తూ కాకుండా చేతికి అందేంత దగ్గరలో ఉండాలి. మీరు తల పైకెత్తాక కూడా కనీసం 30 సెకన్లు మీ ముఖం మీదే చూపు ఉంచాలి, స్పృహ తప్పడం అప్పుడు కూడా జరుగుతుంది.