పాత మాన్యువల్ లెన్స్‌తో ఫ్లాష్: నాకు కుదిరిన పద్ధతి

హీలియోస్ 44-2 లెన్స్‌ను అడాప్టర్‌తో డీఎస్‌ఎల్‌ఆర్‌కు తగిలించి పగలు తీస్తే ఏ ఇబ్బందీ లేదు. ఫ్లాష్ పెడితేనే గొడవ. టీటీఎల్‌లో (ఫ్లాష్ వెలుగు ఎంత కావాలో కెమెరాయే లెక్కగట్టే ఆటో పద్ధతి) ఒక ఫొటోలో ముఖాలు తెల్లగా పాలిపోయేవి, మరోదాంట్లో అంతా చీకటి. లెన్స్‌కు ఎలక్ట్రానిక్ కాంటాక్టులు లేవు. అపర్చర్ రింగు (లెన్స్ లోపలికి వచ్చే వెలుగును తగ్గించి పెంచేది) ఎఫ్/2 మీద ఉందో ఎఫ్/8 మీద ఉందో కెమెరాకు తెలియదు.

టీటీఎల్ మానేసి ఫ్లాష్‌ను మాన్యువల్‌లో పెట్టాక దారికొచ్చింది. గైడ్ నంబర్‌ను (ఫ్లాష్ ఎంత శక్తిమంతమో చెప్పే అంకె) మీటర్లలో దూరంతో భాగిస్తే ఎఫ్ నంబర్ వస్తుంది. ఐఎస్ఓ 100 దగ్గర గైడ్ నంబర్ 32 అనుకోండి, మనిషి 4 మీటర్ల దూరంలో ఉంటే ఎఫ్/8. అదే మనిషి 2 మీటర్లకు వస్తే ఎఫ్/16 అవసరం. రింగు కదపడం ఇష్టం లేకపోతే పవర్‌ను 1/4కు తగ్గిస్తే ఎఫ్/8 సరిపోతుంది. దూరం కొలవక్కర్లేదు, ఫోకస్ చేశాక లెన్స్ మీది అంకెల్లోనే కనిపిస్తుంది. పాత లెన్స్‌లలో నాకు బాగా నచ్చేది ఇదే.

ఫ్లాష్ జూమ్ (వెలుగు ఎంత వెడల్పుగా పరుచుకోవాలో చెప్పే సెట్టింగ్) కూడా చేత్తో 50 ఎంఎం దగ్గర పెట్టాలి, లేకపోతే గైడ్ నంబర్ మారిపోతుంది. ఫ్లాష్‌ను పైకి తిప్పి వెలుగును సీలింగ్‌కు బౌన్స్ చేస్తే ఈ లెక్క పనిచేయదు. అప్పుడు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడలు చూపే గ్రాఫ్) చూసి పవర్ పెంచుకుంటాను. షటర్ వేగం 1/160 సెకను దాటించను.

ఫిల్మ్ కాలం నాటి ఫ్లాష్‌ను మాత్రం నేరుగా తగిలించకండి. కొన్నిటి ట్రిగ్గర్ వోల్టేజ్ (ఫ్లాష్ నుంచి కెమెరా కాంటాక్టుకు వచ్చే వోల్టేజ్) 200 వోల్టులు దాటుతుంది, డిజిటల్ కెమెరా సర్క్యూట్ కాలిపోవచ్చు.