పోర్టబుల్ యాప్ వాడే ముందు ఇవి చూసుకోండి

పోర్టబుల్ యాప్ అంటే ఇన్‌స్టాల్ చేయకుండా ఫోల్డర్ నుంచో, పెన్‌డ్రైవ్ నుంచో నేరుగా నడిపే ప్రోగ్రామ్. ముందు ఒక్క ప్రశ్న: ఆ ప్రోగ్రామ్‌కు డ్రైవర్ (సిస్టమ్ లోపలి స్థాయిలో పనిచేసే సాఫ్ట్‌వేర్) గానీ, వెనకాల నడిచే సర్వీస్ గానీ కావాలా? యాంటీవైరస్ లాంటివైతే మామూలుగా ఇన్‌స్టాల్ చేసుకోవడమే మంచిది. మిగతావాటికి ఈ జాగ్రత్తలు.

• తయారుచేసినవాళ్ల సొంత సైట్ నుంచే డౌన్‌లోడ్ చేయండి. అక్కడ ఎస్‌హెచ్‌ఏ-256 విలువ (ఫైల్‌కు వేలిముద్ర లాంటి కోడ్) ఇచ్చి ఉంటే, మీ ఫైల్ విలువతో సరిచూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైల్ తెరవొద్దు.

• డౌన్‌లోడ్ అయింది జిప్ ఫైల్ అయితే, దాన్ని పూర్తిగా ఎక్స్‌ట్రాక్ట్ చేశాకే నడపండి. విండోస్‌లో జిప్ లోపలే డబుల్ క్లిక్ చేస్తే ప్రోగ్రామ్ టెంప్ (తాత్కాలిక) ఫోల్డర్ నుంచి నడుస్తుంది. సెట్టింగులూ అక్కడే పడతాయి, తర్వాత కనిపించవు. గంటసేపు కూర్చుని మార్చుకున్న షార్ట్‌కట్లన్నీ నాకు ఇలాగే పోయాయి. ఇప్పటికీ బాధే.

• ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో పెట్టొద్దు. అక్కడ రాయాలంటే అడ్మిన్ అనుమతి కావాలి, పోర్టబుల్ యాప్ ఏమో సెట్టింగులను తన ఫోల్డర్‌లోనే రాసుకుంటుంది. డాక్యుమెంట్స్ పక్కన ఒక ఫోల్డర్ చాలు.

• చాలా పోర్టబుల్ యాప్‌లు వాటంతటవే అప్‌డేట్ కావు. బ్రౌజర్ అయితే ఇది నిజంగా ప్రమాదం. నెలకోసారైనా వెర్షన్ చూడండి.

• లినక్స్‌లో ఏపీటీ లాంటి ప్యాకేజీ మేనేజర్ (ప్రోగ్రామ్‌లను ఇన్‌స్టాల్ చేసే సాధనం) డిజిటల్ సంతకాన్ని, కావాల్సిన లైబ్రరీలను తనే చూసుకుంటుంది. యాప్‌ఇమేజ్ (ఒకే ఫైల్‌గా వచ్చే లినక్స్ పోర్టబుల్ యాప్) వాడితే ఆ సంతకం తనిఖీ మీ బాధ్యతే.

• పెన్‌డ్రైవ్‌లో పాస్‌వర్డ్‌లు ఉంటే ఎన్‌క్రిప్ట్ చేయండి. తీసేముందు ప్రోగ్రామ్ మూసి, ఎజెక్ట్ నొక్కండి.