స్కాన్ రిపోర్టులో కుడి అంటే ఎవరి కుడి?

ఎక్స్‌రే గదిలో పనిచేస్తాను కాబట్టి మా చుట్టాలంతా రిపోర్టు ఫొటో తీసి వాట్సాప్‌లో నాకే పంపుతారు. జబ్బేమిటో డాక్టరే చెప్పాలి. అది ఒంట్లో ఎక్కడుందో మాత్రం మీరే చదువుకోవచ్చు.

ముందు ఒక మనిషిని ఊహించుకోండి. మనవైపు తిరిగి నిటారుగా నిలబడ్డాడు. చేతులు పక్కలకు వదిలి, అరచేతులు ముందుకు తిప్పాడు. రోగి మంచం మీద ఎలా పడుకున్నా రిపోర్టులో మాటలన్నీ ఈ మనిషిని బట్టే రాస్తారు. కుడి అంటే అతని కుడి. అందుకే సీటీ బొమ్మలో కాలేయం మీకు ఎడమ పక్కన కనిపిస్తుంది, కంగారు పడకండి. ఎక్స్‌రే ఫిల్ములో అయితే ముందు ఆర్ గానీ ఎల్ గానీ ఎక్కడుందో వెతకండి.

యాంటీరియర్ ముందువైపు, పోస్టీరియర్ వీపువైపు. సుపీరియర్ తలవైపు, ఇన్ఫీరియర్ పాదాలవైపు. ఇవి తేలికే. ముక్కు నుంచి బొడ్డు మీదుగా నిలువు గీత గీస్తే, దానికి దగ్గరిది మీడియల్, దూరంగా ఉన్నది లేటరల్. అరచేతులు ముందుకు తిప్పాడు కదా, అందుకని చేతి బొటనవేలు లేటరల్ అవుతుంది. కాలి బొటనవేలు మాత్రం మీడియల్.

చేతులు, కాళ్ల దగ్గరికొస్తే మొండేనికి దగ్గరి చివర ప్రాక్సిమల్, దూరపు చివర డిస్టల్. బాత్రూమ్‌లో జారి చెయ్యి ఆనించి పడ్డ పెద్దవాళ్ల రిపోర్టులో 'డిస్టల్ రేడియస్ ఫ్రాక్చర్' అని తరచూ చూస్తుంటాను. ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక మణికట్టు దగ్గర విరిగిందని అర్థం. నడుము ఎమ్మారైలో 'ఎల్4-ఎల్5 పోస్టీరియర్ డిస్క్ బల్జ్' అంటే నడుములోని నాలుగు, అయిదు పూసల మధ్య డిస్క్ వెనక్కి, నరాలుండే వైపుకి ఉబ్బింది.

సుపైన్ వెల్లకిలా, ప్రోన్ బోర్లా, డెక్యుబిటస్ అంటే మామూలుగా పక్కకి తిప్పి పడుకోబెట్టి తీసినది. ఛాతీ ఎక్స్‌రేలో ఇంకో సంగతుంది. పీఏ అంటే కిరణాలు వీపులోంచి వచ్చి ఛాతీకి ఆనించిన ప్లేటు మీద పడ్డాయి. లేవలేని రోగికి మంచం దగ్గరే ఏపీ తీస్తాం, అంటే ముందు నుంచి. అప్పుడు గుండె ప్లేటుకి దూరమై, ఉన్నదానికన్నా పెద్దగా పడుతుంది. గుండె పెరిగిందట అని ఇంటిల్లిపాదీ టెన్షన్ పడేముందు ఆ రెండక్షరాలు ఏవో చూడండి.

ఇక పొట్ట. నిలువుగా రెండు, అడ్డంగా రెండు గీతలు గీస్తే తొమ్మిది గళ్లు. అన్నీ బట్టీ పట్టక్కర్లేదు. కుడి హైపోకాండ్రియం అంటే పక్కటెముకల కింద కాలేయం, పిత్తాశయం ఉండే చోటు. ఎపిగాస్ట్రియం అంటే మనం గ్యాస్ నొప్పి అని చూపించే పైపొట్ట నడిమి భాగం. బొడ్డుకి కుడివైపు కింద ఉన్నది రైట్ ఇలియాక్ ఫోసా, అపెండిక్స్ ఉండేది అక్కడే. డాక్టరుకి ఫోన్ చేస్తే ఉత్త కడుపునొప్పి అనకుండా ఏ గడిలోనో చెప్పండి. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి జారిందంటే ఆ మాట కూడా చెప్పండి. అపెండిసైటిస్‌ని డాక్టర్లు అనుమానించేది అలాంటి నొప్పి చూసే.