ఉద్దానం బోరు నీళ్లలో ఆర్సెనిక్ ఉందా? వెలిగే బ్యాక్టీరియాతో పరీక్ష

బోరును అయిదు నిమిషాలు పారనిచ్చాకే సీసాలో పట్టండి. ఇనుమున్న నీళ్లు గాలి తగిలితే ఎర్రబడతాయి. ఆ తుప్పు ఆర్సెనిక్‌ను పట్టుకుని అడుక్కి దిగితే లెక్క తక్కువొస్తుంది. అందుకే అక్కడికక్కడే నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ (ఆమ్లత్వపు కొలత; 7 అంటే తటస్థం) 2కి దించండి. జీవభద్రత అనుమతి ఉన్న ల్యాబులో సోడియం పైరోఫాస్ఫేట్‌ వేసి మళ్లీ 7కి తేవాలి. మరిచారా, బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

ఆర్సెనిక్ తగిలితే వెలిగేలా జన్యువు మార్చిన ఈ.కోలై బ్యాక్టీరియాను ఆ నీళ్లలో కలిపి 30 డిగ్రీల్లో రెండు గంటలుంచండి. వెలుగు పోల్చి చూసేందుకు పక్కనే లీటరుకు 0, 5, 10, 20, 50 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉన్న ప్రామాణిక ద్రావణాలు తప్పనిసరి. లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటితే తాగొద్దు.

వెలుగే లేదని సంబరపడకండి. ఆర్సెనిక్ లేకున్నా ఎప్పుడూ వెలిగే మరో రకం బ్యాక్టీరియానూ అదే నీళ్లలో పెట్టండి. అదీ మసకబారితే నీళ్లే బ్యాక్టీరియాను దెబ్బతీస్తున్నట్టు, ఆ ఫలితాన్ని నమ్మలేం.

చివర్లో అంతా ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలు, 20 నిమిషాలు. బావిలోకీ, వంశధారలోకీ చుక్క పోకూడదు.