కాప్రోనీ సి.ఎ.90 నమూనాను అట్టతో తయారుచేసే పద్ధతి

ఇటలీలోని కాప్రోనీ సంస్థ 1929లో ఎగురవేసిన సి.ఎ.90 అనే ప్రయోగాత్మక భారీ బాంబర్ ఒక్కటే తయారైంది. రెక్కల కొనల మధ్య దూరం 46.6 మీటర్లు, పొడవు సుమారు 27 మీటర్లు కాబట్టి, నూరో వంతు నమూనా 46.6 సెంటీమీటర్ల వెడల్పుతో, 27 సెంటీమీటర్ల పొడవుతో చదువుకునే బల్లపై చక్కగా ఇముడుతుంది.

రెక్కలకు పాత శుభలేఖల మందపాటి అట్ట చాలు. మొండేనికి ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవారి దగ్గర మిగిలే ముక్క దొరికితే మరీ మంచిది. సాధారణంగా జంట రెక్కల విమానాలలో పై రెక్కే పెద్దదిగా ఉంటుంది గనుక అలవాటు కొద్దీ అందరూ అలాగే కత్తిరిస్తారు. ఇక్కడ మాత్రం కింది రెక్క పెద్దది, పైది చిన్నది. నేనూ మొదటిసారి తలకిందులుగా అతికించి, బ్లేడుతో ఊడదీయవలసి వచ్చింది.

ఆరు ఇంజన్లను మూడు జతలుగా, ప్రతి జతలో ఒకటి ముందుకు, మరొకటి వెనక్కు చూసేటట్లు అమర్చాలి: రెండు జతలు కింది రెక్కపై, మూడవది మొండేనికి పైన, రెక్కల నడుమ. కాబట్టి మూడు పంకాలు ముందు, మూడు వెనుక రావాలి.

రెక్కల మధ్య కమ్మీలకు కొబ్బరి ఈనెలు వాడాలి. కార్తీక మాసపు ముసురులో నెల్లూరులో జిగురు త్వరగా ఆరదు. ఒక రాత్రంతా కదపకుండా ఉంచి, మరునాడే చక్రాలు బిగించాలి.