ఫ్రిజ్ డోర్ జిల్లుమంటోందా?

ఎండలు ముదిరితే చాలు, మా విజయవాడ ఇంట్లో తడి కాళ్లతో ఫ్రిజ్ డోర్ పట్టుకుంటే చేతికి సన్నగా షాక్ కొట్టి జిల్లుమనేది. ఫ్రిజ్ పోయిందనుకున్నాం.

ముందు ప్లగ్ తీసి, చెప్పులేసుకుని, పొడి చేత్తో సాకెట్లో టెస్టర్ పెట్టి చూడండి. స్విచ్ వేసి ఉంటే మనకి కుడివైపు రంధ్రంలోనే లైటు వెలగాలి. పగలైతే మసగ్గా ఉంటుంది, చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. స్విచ్ ఆపినా ఏ రంధ్రంలోనైనా వెలిగితే వైరింగ్ తేడా. పైన ఎర్త్ రంధ్రంలో వెలిగితే ఇంకేదీ ముట్టుకోకుండా మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవడమే.

మా సాకెట్ బాగానే ఉంది. కింద ఎర్త్ గుంట (ఇంటి ఎర్త్ వైరు పైపు ద్వారా భూమిలోకి దిగే చోటు) మూత తీస్తే మట్టి బీటలు వారి, ఉప్పూ బొగ్గూ ఎండి గట్టిపడి ఉన్నాయి. అలా ఎండితే ఎర్త్ సరిగా పనిచెయ్యదు. మెయిన్ ఆపి, పైపుని ముట్టుకోకుండా, రెండు బకెట్ల నీళ్లు మెల్లగా ఇంకేలా పోశాం. మర్నాటికి జిల్లు లేదు. ఇప్పుడు వానలు పడేదాకా వారానికో బకెట్.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఎర్త్ వైరు తెగినా టెస్టర్ వెలగదు, దానికి తెలీదు. అలాంటప్పుడు ఎన్ని నీళ్లు పోసినా దండగే. జిల్లు తగ్గినా కరెంటు లీకు ఎక్కడో ఉన్నట్టే కాబట్టి ఫ్రిజ్ కూడా ఒకసారి చూపించుకోండి.