‘డిడ్’ వచ్చాక ‘వెంట్’ రాకూడదు: ప్రశ్నల్లో క్రియ రూపం నోటికి అలవాటు చేసుకోవడం

నేను పెద్దవాళ్ళకి స్పోకెన్ ఇంగ్లీష్ నేర్పుతాను. ఉద్యోగం చేసేవాళ్ళు, ఇంటర్వ్యూలకి తయారయ్యేవాళ్ళు, పిల్లల టీచర్లతో మాట్లాడాల్సి వచ్చే అమ్మానాన్నలు వస్తుంటారు. వీళ్ళలో చాలామంది నోట ‘డిడ్ యూ వెంట్?’ వినిపిస్తుంది. రూల్ తెలియక కాదు, కాగితం మీద రాయమంటే సరిగ్గానే రాస్తారు. మాట్లాడేటప్పుడు టెన్షన్‌లో జారిపోతుంది. అందుకే క్రియా రూపాల టేబుల్ బట్టీ పట్టమని నేను చెప్పను. ఈ రూల్ మీకు తెలుగులో ముందే వచ్చు, అక్కడి నుంచే మొదలుపెడదాం.

‘వెళ్ళాను’ అంటాం. కాదని చెప్పాలంటే ‘వెళ్ళలేదు’ అంటాం. ‘వెళ్ళాను లేదు’ అని ఎవరూ అనరు. తిన్నాను, తినలేదు. చూశాను, చూడలేదు. ‘లేదు’ వచ్చేసరికి క్రియకున్న భూతకాలం ఊడిపోతుంది, ఎందుకంటే అయిపోయిన సంగతి అని చెప్పే పని ‘లేదు’ తీసుకుంది. ఇంగ్లీషులో ‘డిడ్’ చేసేది కూడా ఇదే. కాలాన్ని అది మోస్తుంది కాబట్టి తర్వాతి క్రియ మూల రూపంలో, క్లాసుల్లో మనం వి1 అనే రూపంలో ఉండిపోతుంది. ‘డిడ్ యూ గో?’, ‘డిడ్ యూ ఈట్?’, ‘డిడ్ యూ సీ?’

మరి ఎక్కడ పొరపాటు పడుతున్నాం? ప్రశ్న దగ్గర. తెలుగులో ‘వెళ్ళావు’కి చివర దీర్ఘం తీస్తే ‘వెళ్ళావా?’ అయిపోతుంది, క్రియ చెక్కుచెదరదు. అదే అలవాటుతో ‘వెంట్’ని అలాగే ఉంచి ముందు ‘డిడ్’ తగిలిస్తాం. కాబట్టి ఇంగ్లీషులో ప్రశ్న అడగబోయే ముందు మనసులో ‘వెళ్ళావా’ని కాదు, ‘వెళ్ళలేదా’ని తలచుకోండి. అందులో ‘వెళ్ళ’ అనే భాగమే ‘గో’. నా క్లాసులో అన్నిటికంటే త్వరగా పనిచేసే ఉపాయం ఇదే.

నిజానికి ఒకప్పుడు ఇంగ్లీష్ వాళ్ళు కూడా ‘డూ’ లేకుండా, క్రియనే ముందుకు తెచ్చి ప్రశ్న అడిగేవారు. 16వ శతాబ్దంలో ‘డూ’ ప్రశ్నల్లోకి బాగా చొచ్చుకొచ్చింది, తర్వాత తప్పనిసరి అయింది. వచ్చినప్పుడే కాలం చెప్పే పని కూడా తన మీద వేసుకుంది.

‘డజ్’ సంగతీ అంతే. ‘షీ లైక్స్ ఇట్’ అనే వాక్యంలో ‘లైక్’ చివర ఒక ‘స్’ ఉంది. ప్రశ్నలో ఆ ‘స్’ ‘డూ’ దగ్గరికి వెళ్ళి ‘డజ్’ అవుతుంది. ఇక ‘లైక్’ దగ్గర ఏమీ మిగలదు: ‘డజ్ షీ లైక్ ఇట్?’ ‘డజ్ హీ హ్యాజ్ టైమ్?’ అనేది నేను తరచూ దిద్దే తప్పు. ‘డజ్ హీ హ్యావ్ టైమ్?’ అనాలి.

కెన్, కుడ్, విల్, వుడ్, షల్, షుడ్, మే, మైట్, మస్ట్. వీటి తర్వాత ఎప్పుడూ వి1, కర్త ఎవరైనా సరే. ‘కెన్ షీ స్విమ్?’ అంటాం కానీ ‘స్విమ్స్’ అనం. తెలుగులో ‘ఈదగలదా’, ‘చెప్పగలవా’ అన్నప్పుడు ‘గల’ ముందు క్రియ మూల రూపంలోనే ఉంటుంది కదా. ‘కుడ్’, ‘వుడ్’ చూడ్డానికి భూతకాలంలా ఉంటాయి కాబట్టి ‘కుడ్ యూ టోల్డ్ మీ?’ అనేస్తుంటారు. సరైనది ‘కుడ్ యూ టెల్ మీ?’

ఇక్కడిదాకా వచ్చినవాళ్ళు ‘సహాయక క్రియ (డిడ్, డజ్, కెన్ లాంటిది) ఉంటే చాలు, వి1 వాడాలి’ అని తేల్చేసుకుంటారు. దయచేసి అలా అనుకోవద్దు. ‘హ్యావ్’, ‘హ్యాజ్’, ‘హ్యాడ్’ సహాయక క్రియలుగా వస్తే వాటి తర్వాత వి3, అంటే ‘సీన్’, ‘గాన్’ లాంటి మూడో రూపం ఉండాలి: ‘హ్యావ్ యూ సీన్ ఇట్?’, ‘హ్యాజ్ షీ గాన్?’ ఇక్కడ ‘గో’ కుదరదు, ‘వెంట్’ కూడా కుదరదు. ‘ఈజ్’, ‘ఆర్’, ‘వజ్’, ‘వర్’ తర్వాత, పని జరుగుతూ ఉంటే ఇంగ్ రూపం: ‘ఈజ్ హీ రైటింగ్ ద లెటర్?’ కర్త మీద పని జరిగితే వి3: ‘వజ్ ద లెటర్ రిటెన్?’ పనిని చెప్పే క్రియ ఏదీ లేకుండా ‘బిజీగా ఉన్నావా’ లాంటిది అడగాలంటే ‘డిడ్’ జోలికి వెళ్ళకండి, ‘వర్ యూ బిజీ?’ చాలు.

ఇవన్నీ వేర్వేరు రూల్స్‌లా కనిపిస్తాయి కానీ, నన్ను అడిగితే గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: కర్తను పక్కన పెట్టి చూస్తే, ప్రతి సహాయక క్రియా తన వెంటనే వచ్చే క్రియ రూపాన్ని మాత్రమే నిర్ణయిస్తుంది. ‘షుడ్ హీ హ్యావ్ టోల్డ్ అస్?’ తీసుకోండి. ‘షుడ్’ ఉంది కాబట్టి కర్త ‘హీ’ అయినా ‘హ్యాజ్’ కాకుండా ‘హ్యావ్’ వచ్చింది. ‘హ్యావ్’ ఉంది కాబట్టి ‘టోల్డ్’ వచ్చింది. ‘హ్యాజ్ ద డోర్ బీన్ లాక్డ్?’లో ‘హ్యాజ్’ వల్ల ‘బీన్’, ‘బీన్’ వల్ల ‘లాక్డ్’. ఇలా ఒక్కో అడుగు చూసుకుంటూ పోతే ఎంత పొడుగు ప్రశ్నయినా తడబడరు.

రూల్ వంటబట్టాక కొత్త తప్పు ఒకటి మొదలవుతుంది. ‘నిన్ను ఎవరు పిలిచారు?’ అనడానికి ‘హూ కాల్ యూ?’ అంటారు. ‘ఎవరు’, ‘ఎవరిని’ తేడా చూడండి. ‘ఎవరిని పిలిచావు?’ అయితే ‘హూ డిడ్ యూ కాల్?’ ‘ఎవరు పిలిచారు?’ అయితే ‘హూ’నే కర్త కాబట్టి మామూలుగా ‘డిడ్’ అక్కర్లేదు. ‘డిడ్’ లేనప్పుడు కాలాన్ని క్రియే మోయాలి: ‘హూ కాల్డ్ యూ?’ అలాగే ‘వాట్ హ్యాపెన్డ్?’, ‘హూ బ్రోక్ ఇట్?’

ఒక ప్రశ్న లోపల ఇంకో ప్రశ్న దాగి ఉన్నప్పుడూ ఇంతే. ‘డూ యూ నో వేర్ హీ వెంట్?’లో ‘డూ’ ప్రభావం ‘నో’ వరకే. ‘వెంట్’ వేరే వాక్యం, దాని కాలం దాని దగ్గరే ఉంటుంది. జవాబు చెప్పేటప్పుడు కూడా ‘ఎస్, ఐ వెంట్’ అనండి, ‘నో, ఐ డిడ్ నాట్ గో’ అనండి.

ఇక ప్రాక్టీస్. మూడు వాక్యాలు ఒక వరసలో, పైకి వినిపించేలా చెప్పండి: ‘షీ వెంట్. షీ డిడ్ నాట్ గో. డిడ్ షీ గో?’ ముందుగా రూపం బాగా మారిపోయే క్రియలు తీసుకోండి: గో, ఈట్, సీ, కమ్, బై, టేక్, టెల్, గివ్, బ్రింగ్, రైట్. ‘పుట్’, ‘కట్’ వద్దు, వాటి భూతకాలమూ అదే కాబట్టి తప్పు చేసినా తెలియదు. ‘రీడ్’ దగ్గర చెవి పెట్టండి. స్పెల్లింగ్ మారదు కానీ భూతకాలాన్ని ‘రెడ్’ అని పలుకుతారు, ‘డిడ్’ తర్వాత మాత్రం ‘రీడ్’ అనే పలకాలి.

అది కుదిరాక నిన్న మీరు చేసిన పనుల గురించి మీకు మీరే ప్రశ్నలు వేసుకుని ఫోన్‌లో రికార్డ్ చేయండి. వినేటప్పుడు ఒకే ప్రశ్నలో భూతకాలం రెండు చోట్ల వినిపిస్తోందా అన్నది మాత్రం పట్టుకోండి. ఉచ్చారణ, వేగం తర్వాత చూసుకోవచ్చు. ఎవరితోనైనా మాట్లాడుతూ ‘డిడ్ యూ వెంట్’ అనేశారని గుర్తిస్తే, ‘గో, గో’ అని ఆ ఒక్క మాట సరిచేసి వదలకండి. ‘డిడ్ యూ గో?’ అని ప్రశ్న మొత్తం మళ్ళీ మొదటి నుంచి అడగండి. అలవాటు కావాల్సింది విడి మాట కాదు, ‘డిడ్’ వెంటే వి1 వచ్చే ఆ వరస.